బ్యాంకు కుదరదన్నాక ఫిర్యాదు ఎవరి మీద రాయాలి?

ఖాతాలోంచి డబ్బు పోయిన రెండు మూడు నెలలకు ఒక మెసేజ్ వస్తుంది. లావాదేవీ ఓటీపీతో సక్రమంగానే జరిగిందనీ, బ్యాంకు వైపు లోపమేమీ లేదనీ, ఫిర్యాదు ముగిస్తున్నామనీ అందులో ఉంటుంది. విజయవాడ గవర్నర్‌పేటలో చిన్న దుకాణం నడిపే మనిషైనా, గుంటూరు బ్రాడీపేటలో పింఛను మీద బతికే రిటైర్డ్ టీచరైనా ఆ నాలుగు ముక్కలు చదివి ఇక అయిపోయిందనుకుంటారు. బ్రాంచికి వెళ్తే "పైనుంచే రిజెక్ట్ అయిందండీ, మా చేతుల్లో ఏం లేదు" అంటారు. స్టేషన్‌కి వెళ్తే దర్యాప్తు నడుస్తోందంటారు. ఇంట్లో అసలు ఆ లింకు ఎందుకు నొక్కావని నిలదీస్తారు. చాలామంది అక్కడితో ఊరుకుంటారు.

ఊరుకోనక్కర్లేదు. బ్యాంకు ఇచ్చింది తీర్పు కాదు. తన మీద వచ్చిన ఫిర్యాదుకు తానే చెప్పుకున్న జవాబు. దాన్ని తిరిగి పరీక్షించడానికి కనీసం మూడు చోట్లున్నాయి. వాటిలో దేనికీ పెద్దగా ఖర్చు లేదు.

అయితే ముందుకు వెళ్లేవాళ్లలో కూడా ఎక్కువమంది ఒకే చోట దెబ్బతింటున్నారు. పోలీసులకు రాసిచ్చిన కథనే బ్యాంకుకూ, బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కూ, వినియోగదారుల కమిషన్‌కూ పంపుతారు. ఎవడో ఫోన్ చేశాడు, కస్టమర్ కేర్ అన్నాడు, వాట్సాప్‌లో యాప్ దించే ఏపీకే ఫైల్ పంపాడు, లక్షా ఎనభై వేలు లాగేశాడు అంటూ కాగితం నిండా మోసగాడే ఉంటాడు. బ్యాంకు ఏం చేసింది, ఏం చేయాల్సి ఉండి చేయలేదు అన్నది ఒక్క వాక్యం కూడా ఉండదు. మోసగాణ్ని పట్టుకోవడం పోలీసుల పని. మిగిలిన మూడు చోట్లా విచారించేది బ్యాంకు బాధ్యతను మాత్రమే. కాబట్టి తిరస్కరణ తర్వాత రాసే ప్రతి కాగితం బ్యాంకు మీద ఉండాలి. ఈ ఒక్క మార్పుతో ఫలితం మారిపోయే కేసులు చాలా ఉంటాయి.

నిబంధన ఏం చెబుతోంది

ఖాతాదారు అనుమతి లేకుండా జరిగే ఎలక్ట్రానిక్ లావాదేవీల్లో నష్టం ఎవరు భరించాలో రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఒక సర్క్యులర్‌లో తేల్చింది. అది వాణిజ్య బ్యాంకులకూ గ్రామీణ బ్యాంకులకూ వర్తిస్తుంది. సహకార బ్యాంకులకు అదే ఏడాది డిసెంబరులోనూ, బ్యాంకులు కాని వ్యాలెట్ కంపెనీలకు 2019 జనవరిలోనూ అలాంటి ఆదేశాలే వచ్చాయి. 2025 చివర్లో రిజర్వు బ్యాంకు తన పాత సర్క్యులర్లను మాస్టర్ డైరెక్షన్లలోకి సర్దింది కాబట్టి నంబర్లు మారాయి. ఫిర్యాదులో మాత్రం డబ్బు పోయిన తేదీ నాటికి ఏ నిబంధన అమల్లో ఉందో దాన్నే ఉదహరించాలి.

సర్క్యులర్ ప్రకారం సందర్భాలు మూడు. లోపం బ్యాంకుదైతే ఖాతాదారు పైసా కూడా భరించక్కర్లేదు, ఎప్పుడు ఫిర్యాదు చేశాడన్న ప్రశ్న కూడా రాదు. లోపం బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మధ్యలో ఇంకెక్కడో ఉంటే, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లోపు చెప్పినా ఖాతాదారు బాధ్యత సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే ఒక్కో లావాదేవీకి కొంత భరించాలి. బేసిక్ సేవింగ్స్ ఖాతాకు 5,000, మామూలు సేవింగ్స్ ఖాతాకు 10,000, పెద్ద కరెంటు ఖాతాలకూ 5 లక్షలకు మించిన లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డులకూ 25,000 రూపాయలు గరిష్ఠం. ఏడు దాటితే ఆ బ్యాంకు బోర్డు ఆమోదించిన విధానం ప్రకారం నడుస్తుంది. ఆ విధానం బ్యాంకు వెబ్‌సైట్‌లో అందరికీ కనపడాలి. ఇక మూడోది ఖాతాదారు నిర్లక్ష్యం, అంటే పిన్నూ ఓటీపీ లాంటివి వేరొకరికి చెప్పడం. అప్పుడు కూడా ఫిర్యాదు చేసే వరకు జరిగిన నష్టమే ఖాతాదారుది. ఫిర్యాదు చేశాక పోయిన ప్రతి రూపాయీ బ్యాంకుదే.

పనిదినాలు లెక్కపెట్టే తీరు తెలియక ఓడిపోయేవాళ్లున్నారు. మెసేజ్ వచ్చిన రోజు లెక్కలోకి రాదు. ఖాతా ఉన్న హోం బ్రాంచి పనిచేసే రోజులే లెక్క. రెండో శనివారం ముందు గురువారం రాత్రి డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వచ్చిందనుకుందాం. శుక్రవారం ఒకటి, శని ఆదివారాలు సెలవు, సోమవారం రెండు, మంగళవారం మూడు. మంగళవారం చెప్పినా సమయానికి చెప్పినట్టే. సంక్రాంతి రోజుల్లో అయితే ఇంకా ముందుకు జరుగుతుంది. 'ఐదు రోజుల తర్వాత ఫిర్యాదు చేశారు' అని బ్యాంకు జవాబులో కనిపిస్తే ముందు క్యాలెండర్ తీసి చూడాలి.

ఇదే సర్క్యులర్‌లో ఇంకో మూడు మాటలున్నాయి. వాటిని కౌంటర్లో ఎవరూ చెప్పరు. అనధికార లావాదేవీ గురించి చెప్పిన పది పనిదినాల్లోపు ఆ మొత్తాన్ని బ్యాంకు తాత్కాలికంగా ఖాతాలో జమ చేయాలి, ఇన్సూరెన్స్ సొమ్ము వచ్చేదాకా ఆగకూడదు. ఫిర్యాదును 90 రోజుల్లోపు తేల్చాలి, తేల్చలేకపోతే నిబంధన ప్రకారం రావాల్సింది చెల్లించాలి. ఖాతాదారు తప్పు ఉందని రుజువు చేయాల్సిన భారం బ్యాంకుదే. ఈ మూడింటిలో మొదటిది జరిగిందా అని అడిగితే చాలా సందర్భాల్లో జవాబు ఉండదు. ఆ మౌనాన్ని కూడా ఫిర్యాదులో ఒక పాయింటుగా రాయాలి.

ఓటీపీ పడితే కథ ముగిసినట్టేనా

తిరస్కరణల్లో ఎక్కువగా కనిపించే కారణం ఇదే. లావాదేవీకి సరైన ఓటీపీ ఎంటరైంది కాబట్టి మీరే చెప్పి ఉంటారు అన్నది బ్యాంకు వాదన. ఓటీపీ ఎంటరైందని బ్యాంకు రికార్డు చూపగలదు. ఎవరు ఎంటర్ చేశారు, ఎలా దొరికింది అన్నది ఆ రికార్డు చూపలేదు. ఆర్టీవో చలానా అనో, పీఎం కిసాన్ అనో పేరు పెట్టి వచ్చే ఏపీకే ఫైల్ ఫోన్లోకి దిగితే మెసేజ్‌లన్నీ అటువైపు వాడికి తెలిసిపోతాయి. అక్కడ ఖాతాదారు ఎవరికీ ఏమీ చెప్పలేదు. సిమ్ స్వాప్‌లో, అంటే ఖాతాదారు నంబరుకు మోసగాడు వేరే సిమ్ తీసుకున్నప్పుడు, ఓటీపీ అసలు ఖాతాదారు ఫోన్‌కే రాదు. ఆధార్ వేలిముద్రతో డబ్బు తీసే మోసాల్లో ఓటీపీ ప్రసక్తే ఉండదు, నకిలీ వేలిముద్ర చాలు. మైక్రో ఏటీఎం పెట్టుకున్న ఎక్కడో ఊళ్లో డబ్బు తీసి ఉంటారు. ఆ సమయంలో ఖాతాదారు గుంటూరులోనే ఉన్నట్టు చూపించే ఆధారం, ఆఫీసు హాజరో ఆసుపత్రి బిల్లో మరొకటో, ఆ ఒక్క కేసునీ గెలిపించగలదు.

కోర్టులు కూడా ఓటీపీ వాదనను ప్రతిసారీ ఒప్పుకోలేదు. అస్సాంలో ఒక స్టేట్ బ్యాంకు ఖాతాదారు ఆన్‌లైన్లో కొన్న దుస్తులు తిరిగి పంపబోయి, కస్టమర్ కేర్ అని నమ్మించినవాడి మాట మీద యాప్ దించుకుని 94 వేలకు పైగా పోగొట్టుకున్నారు. ఒక్క రోజులోపే బ్యాంకుకు చెప్పారు. ఓటీపీ, పిన్ చెప్పేశారు కాబట్టి తమకు సంబంధం లేదని బ్యాంకు వాదించింది. గువాహటి హైకోర్టు ఖాతాదారు పక్షాన నిలిచింది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. అనధికార లావాదేవీలను పసిగట్టి ఆపేందుకు బ్యాంకులు అందుబాటులో ఉన్న మంచి సాంకేతికతను వాడాలని చెప్పింది, ఖాతాదారులూ ఓటీపీ ఎవరికీ చెప్పకుండా జాగ్రత్తపడాలని అంది. 2024లో ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చిన కేసులో 2.6 లక్షలు పోయిన ఖాతాదారు ఫిర్యాదును అంబుడ్స్‌మన్ కూడా తోసిపుచ్చారు. అయినా వడ్డీతో సహా కట్టమని కోర్టు బ్యాంకును ఆదేశించింది. అదే ఏడాది బాంబే హైకోర్టు 76 లక్షలకు పైగా వెనక్కి ఇమ్మని బ్యాంక్ ఆఫ్ బరోడాను ఆదేశించింది. ఖాతాదారుకు ఓటీపీ రాకుండానే కొత్త లబ్ధిదారులు, అంటే డబ్బు అందుకునే ఖాతాలు, చేరిన కేసు అది. కేరళ హైకోర్టు అయితే 2019లోనే, ఎస్ఎంఎస్ పంపాం కదా, మీరు స్పందించలేదు కదా అని బ్యాంకు తప్పించుకోలేదని తేల్చింది.

వీటిని చూసి ప్రతి కేసూ గెలుస్తుందనుకోవడం పొరపాటు. పిన్ చెప్పినట్టు ఖాతాదారే స్వయంగా ఒప్పుకున్న చోట, వారాల తరబడి నోరు విప్పని చోట తీర్పులు బ్యాంకు వైపే వెళ్లాయి. అస్సాం కేసులోలా వెంటనే ఫిర్యాదు చేయాలి, ఆ ఫిర్యాదుకు ఆధారం దాచుకోవాలి. ఈ రెండూ ఉంటే కేసుకు కాళ్లుంటాయి.

బ్యాంకుకు మళ్లీ రాసేటప్పుడు

తిరస్కరణ వచ్చాక అదే బ్యాంకుకు ఇంకోసారి రాయడం దండగ అనిపిస్తుంది. కానీ తర్వాతి చోట చూపించాల్సిన కాగితాలు ఈ ఉత్తరంతోనే పుడతాయి. బ్రాంచిలో నోటిమాటగా అడగడం వల్ల ఒరిగేదేమీ లేదు. బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి ఈమెయిల్ పంపి, బ్రాంచిలో ఒక కాపీ ఇచ్చి ఇన్వార్డ్ ముద్ర వేయించుకోవాలి. ముద్ర వేయడానికి తటపటాయిస్తే స్పీడ్‌పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి.

ఆ ఉత్తరంలో మోసగాడి కథ నాలుగు వాక్యాలు చాలు. మిగతాదంతా ప్రశ్నలే ఉండాలి. ఓటీపీ ఏ నంబరుకు, ఏ సమయానికి వెళ్లింది? లావాదేవీ జరిగిన ఫోన్ అంతకుముందు ఈ ఖాతాకు వాడినదేనా, లేక ఆ రోజే కొత్తగా నమోదైందా? లబ్ధిదారును ఎప్పుడు చేర్చారు, చేర్చాక ఎంతసేపటికి డబ్బు పోయింది? లిమిట్ పెంచారా? పదేళ్లుగా నెలకు రెండు మూడు వేలు తప్ప కదలని పింఛను ఖాతాలోంచి అర్ధరాత్రి ఇరవై నిమిషాల్లో ఏడు సార్లు డబ్బు పోతుంటే బ్యాంకు వ్యవస్థ ఎందుకు ఆపలేదు? ఫిర్యాదు అందిన నిమిషం ఏది, ఖాతా బ్లాక్ చేసిన నిమిషం ఏది? ఆ మధ్యలో పోయింది ఎంత? అవతలి బ్యాంకుకు ఎప్పుడు చెప్పారు, అప్పటికి అక్కడ ఎంత మిగిలుంది? నిర్లక్ష్యం అని దేన్ని ఆధారం చేసుకుని తేల్చారు? పది పనిదినాల తాత్కాలిక జమ ఎందుకు చేయలేదు?

ఫిర్యాదు అందిన నిమిషానికీ బ్లాక్ చేసిన నిమిషానికీ మధ్య ఎంత పోయిందన్న ప్రశ్న మీద పట్టు విడవకూడదు. ఖాతాదారు ఓటీపీ చెప్పినట్టు రుజువైనా సరే, ఫిర్యాదు తర్వాత పోయింది బ్యాంకే ఇవ్వాలి. మొత్తం రాకపోయినా సగం రావడానికి దారి చాలాసార్లు ఈ లెక్కలోనే ఉంటుంది. హెల్ప్‌లైన్‌కి చేసిన కాల్ వివరాలు ఫోన్లోంచి చెరిగిపోకముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి.

ఎఫ్ఐఆర్ లేకపోతే క్లెయిమ్ తీసుకోం అనే బ్రాంచిలున్నాయి. బ్యాంకుకు ఫిర్యాదు చేయడానికి 2017 సర్క్యులర్ ఎఫ్ఐఆర్‌ను షరతుగా పెట్టలేదు. ఎఫ్ఐఆర్ ఉంటే మంచిదే, అది వచ్చేదాకా గడువు దాటబెట్టుకోవడం మాత్రం మంచిది కాదు.

ఇంకో ప్రశ్న తప్పక చేర్చాలి. ఈ తిరస్కరణను ఇంటర్నల్ అంబుడ్స్‌మన్ చూశారా? పెద్ద బ్యాంకులన్నీ తమలో తాము ఒక ఇంటర్నల్ అంబుడ్స్‌మన్‌ను పెట్టుకోవాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. ఫిర్యాదును పూర్తిగా గానీ కొంత గానీ తోసిపుచ్చే ముందు బ్యాంకే దాన్ని ఆయన దగ్గరికి పంపాలి. ఖాతాదారు నేరుగా వెళ్లడానికి వీల్లేదు. తుది జవాబులో ఆయన పరిశీలించారన్న మాటే లేకపోతే ఆ తిరస్కరణ పద్ధతి ప్రకారం జరిగిందా అని అడిగే హక్కు ఖాతాదారుకు ఉంది. ప్రభుత్వ రంగ బ్యాంకైతే పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తుతోనూ ఇది అడగొచ్చు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్‌లో కలిసిపోయిన యూనియన్ బ్యాంకు కూడా ప్రభుత్వ రంగానిదే కాబట్టి విజయవాడ, గుంటూరుల్లో లక్షణంగా వాడుకోగల దారి ఇది. ప్రైవేటు బ్యాంకులకు ఆర్టీఐ వర్తించదు.

అంబుడ్స్‌మన్ దగ్గర

2021 నవంబర్ 12న రిజర్వు బ్యాంకు పాత మూడు పథకాలను కలిపి ఒకే అంబుడ్స్‌మన్ పథకం తెచ్చింది. అంతకుముందు ఏ రాష్ట్రం వాళ్లు ఏ ఆఫీసుకు వెళ్లాలన్న లెక్క ఉండేది. ఇప్పుడు విజయవాడ నుంచి హైదరాబాదు బస్సెక్కాల్సిన పని లేదు. రిజర్వు బ్యాంకు కంప్లైంట్ మేనేజ్‌మెంట్ పోర్టల్‌లో వేయొచ్చు. ఇంటర్నెట్ చేతకానివాళ్లు చండీగఢ్‌లోని కేంద్రీకృత విభాగానికి పోస్టులో పంపొచ్చు. 14448 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో కూడా వివరం చెబుతారు. ఫీజు లేదు. లాయరూ అక్కర్లేదు, అసలు బాధితుడే లాయరైతే తప్ప లాయరు ద్వారా వేసిన ఫిర్యాదును తీసుకోరు.

బ్యాంకు తోసిపుచ్చినా, 30 రోజులు గడిచినా జవాబు ఇవ్వకపోయినా ఇక్కడికి రావొచ్చు. 2021 పథకం ఏడాది గడువు ఇచ్చింది. గడువులూ పరిహారం పరిమితులూ మారుతుంటాయి కాబట్టి ఫిర్యాదు వేసే రోజున పోర్టల్‌లో ఉన్న పథకం చూసుకోవాలి. ఎలాగూ ఆగడం వల్ల లాభం లేదు. వివాదంలో ఉన్న సొమ్ముకు 2021 పథకం గరిష్ఠ పరిమితి పెట్టలేదు. దానివల్ల కలిగిన నష్టానికి 20 లక్షల దాకా, మానసిక వేదనకు లక్ష దాకా ఇప్పించే అధికారం అంబుడ్స్‌మన్‌కు ఆ పథకం ఇచ్చింది.

ఇక్కడ రెండు గోతులున్నాయి. మొదటిది వరస తప్పడం. వినియోగదారుల కమిషన్‌లోనో సివిల్ కోర్టులోనో అదే విషయం మీద ముందే కేసు వేసి ఉంటే అంబుడ్స్‌మన్ ముట్టుకోరు. అంబుడ్స్‌మన్ దగ్గర న్యాయం దొరకకపోతే కమిషన్‌కు వెళ్లడానికి మాత్రం అడ్డు లేదు. కాబట్టి ఉచితమైన ఈ మెట్టు ముందు ఎక్కాలి. పోలీసు కేసు, క్రిమినల్ కేసు మాత్రం అడ్డు కాదని పథకమే స్పష్టంగా చెబుతోంది. ఈ తేడా తెలియక, కోర్టులో కేసు ఉందా అన్న ప్రశ్నకు సైబర్ క్రైమ్ ఎఫ్ఐఆర్‌ను తలచుకుని అవునని టిక్ పెట్టేస్తే, సరైన ఫిర్యాదు కూడా గుమ్మంలోనే ఆగిపోతుంది.

రెండోది కాగితాల బరువు. సాక్షులను విచారించాల్సినంత, కట్టలకొద్దీ ఆధారాలు తేల్చాల్సినంత వ్యవహారం అనిపిస్తే తమ పరిధి కాదని అంబుడ్స్‌మన్ పక్కన పెట్టవచ్చు. రెండు పేజీలకు మించని ఫిర్యాదు, తేదీల వరస, స్టేట్‌మెంట్, అలర్టుల స్క్రీన్‌షాట్లు, బ్యాంకుకు రాసిన ఉత్తరం, దాని జవాబు ఉంటే చాలు. బ్యాంకు జవాబు చెప్పకుండా వదిలేసిన ప్రశ్నలను ఎత్తి చూపితే కాగితాల మీదే తేలిపోయే వివాదం అవుతుంది. ఉత్తర్వు నచ్చకపోతే 30 రోజుల్లో పైన ఉన్న అప్పిలేట్ అథారిటీకి వెళ్లవచ్చు.

ఖాతా గ్రామీణ బ్యాంకులో ఉన్నా ఈ పథకం వర్తిస్తుంది. గుంటూరు కేంద్రంగా ఉన్న చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది. పాత బ్యాంకు పేరున ఉన్న ఫిర్యాదులకు ఇప్పుడు జవాబు చెప్పాల్సింది కొత్త బ్యాంకే. జిల్లా సహకార కేంద్ర బ్యాంకులు చాలాకాలం ఈ పథకం బయటే ఉండిపోయాయి. 2025లో వాటినీ చేర్చారు.

వినియోగదారుల కమిషన్

జిల్లా వినియోగదారుల కమిషన్లు విజయవాడలోనూ గుంటూరులోనూ ఉన్నాయి. రాష్ట్ర కమిషన్ విజయవాడలోనే ఉంది. 2019 చట్టం ప్రకారం బ్యాంకు హెడ్డాఫీసు ముంబయిలో ఉన్నా బాధితుడు నివసించే ఊళ్లోనే కేసు వేయొచ్చు. సేవకు చెల్లించిన ప్రతిఫలం 5 లక్షల లోపుంటే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్లు. దాన్ని డబ్బు పోయిన తేదీ నుంచే లెక్కేసుకోవడం క్షేమం.

మోసగాడి కథ రాయడం వల్ల వచ్చే నష్టం ఇక్కడ పూర్తిగా బయటపడుతుంది. వినియోగదారుల కమిషన్లు క్లుప్త విచారణ జరిపే వేదికలనీ, తీవ్ర వివాదంలో ఉన్న వాస్తవాలూ మోసం లాంటి నేరాలూ అక్కడ తేల్చలేరనీ సుప్రీంకోర్టు 2023లో సిటీ యూనియన్ బ్యాంకు కేసులో చెప్పింది. బ్యాంకు లాయరు మొదటి వాయిదాలోనే ఆ తీర్పు తీస్తారు. ఫిర్యాదు నిండా చీటింగ్, ఫోర్జరీ, కుట్ర అని ఉంటే ఆ వాదన నిలబడుతుంది. అలర్టు రాలేదు, ఫిర్యాదు చేశాక బ్లాక్ చేయలేదు, తాత్కాలిక జమ చేయలేదు, 90 రోజుల్లో తేల్చలేదు, నిర్లక్ష్యం రుజువు చేయలేదు అని ఉంటే అది సేవాలోపం. దాన్ని తేల్చడానికే కమిషన్ ఉంది.

వ్యాపారులకు ఒక చిక్కు ఉంది. మిర్చి యార్డు కమిషన్ ఏజెంటుదో, గొల్లపూడి హోల్‌సేల్ వర్తకుడిదో కరెంటు ఖాతా అయితే, ఇది వాణిజ్య ప్రయోజనం కోసం తీసుకున్న సేవ, మీరు వినియోగదారు కారు అని బ్యాంకు అభ్యంతరం లేపుతుంది. పొట్టపోసుకోవడానికి స్వయంగా నడుపుకునే చిన్న వ్యాపారమైతే చట్టంలో మినహాయింపు ఉంది, ఆ మాట ఫిర్యాదు మొదట్లోనే రాయాలి. పెద్ద వ్యాపారమైతే ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం 46వ సెక్షన్ కింద రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి దగ్గర పరిహారం కోరే దారి ఉంది. 5 కోట్ల దాకా ఆయన పరిధి. సిమ్ స్వాప్ జరిగిన కేసుల్లో టెలికాం కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చవచ్చు. ఇంత ఉపయోగపడే దారి గురించి మన దగ్గర మాట్లాడేవాళ్లే తక్కువ.

తన చేత్తోనే పంపినప్పుడు

అన్నింటికన్నా కష్టమైనది ఇదే. పోలీసులమంటూ వీడియో కాల్‌లో డిజిటల్ అరెస్టు అని బెదిరిస్తే వణికిపోయి బ్రాంచికి వెళ్లి ఆర్టీజీఎస్ చేసినవాళ్లు, ట్రేడింగ్ యాప్‌లో లాభాలు చూసి నెల రోజుల పాటు తామే డబ్బు పంపినవాళ్లు, టెలిగ్రాంలో పార్ట్‌టైం ఉద్యోగం అంటే డిపాజిట్ కట్టినవాళ్లు. 2017 సర్క్యులర్ అనధికార లావాదేవీల గురించి మాట్లాడుతుంది. ఖాతాదారు తానే పంపిన డబ్బుకు ఆ రక్షణ నేరుగా దొరకదు. ఇది ఖాతాదారులకు అన్యాయం చేస్తున్న ఖాళీ. బ్రిటన్‌లో 2024 అక్టోబర్ 7 నుంచి ఇలాంటి మోసాలకు కూడా 85,000 పౌండ్ల దాకా బాధితుడికి తిరిగి ఇవ్వాలనీ, పంపిన బ్యాంకూ అందుకున్న బ్యాంకూ చెరిసగం భరించాలనీ నిబంధన ఉంది. ఇక్కడ అలాంటిది ఉండి ఉంటే, మోసపు సొమ్ము దాటించడానికి వాడే మ్యూల్ ఖాతాలు తెరిచే బ్యాంకులకు దాని భారం తెలిసేది.

అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. డబ్బు అందుకున్న ఖాతాను కేవైసీ సరిగా చూడకుండా తెరిచారా, రోజుకూలీ పేరున ఉన్న ఖాతాలో ఒక్క రోజులో కోటి తిరిగినా పట్టించుకోలేదా అన్న ప్రశ్నలు ఆ రెండో బ్యాంకు మీద వేయవచ్చు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు వెళ్లాక కూడా డబ్బును కదలనిచ్చిందా అన్నది ఇంకా బలమైన ప్రశ్న. డిజిటల్ అరెస్టు మోసాల దర్యాప్తును 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు సీబీఐకి అప్పగిస్తూ, మ్యూల్ ఖాతాల్లో బ్యాంకు సిబ్బంది పాత్రను కూడా చూడమంది. ఎనభై ఏళ్ల మనిషి ఒంటరిగా వచ్చి ఫిక్స్‌డ్ డిపాజిట్లన్నీ ఒకే రోజు రద్దు చేసి తెలియని ఖాతాకు పంపుతుంటే కౌంటర్లో ఒక్క ప్రశ్న కూడా అడగకపోవడం సేవాలోపమే అని వాదించడానికి అవకాశం ఉంది. గెలుపు ఖాయమని చెప్పలేం. ఆ ప్రశ్న అడిగి తీరాలి.

పోలీసుల దగ్గర ఆగిన డబ్బు

బ్యాంకు మీద పోరాటం నడుస్తుండగా పోలీసు దారి పక్కనే నడవాలి. 1930కి చేసిన ఫిర్యాదు అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు మొదటి ఆధారం. ఎన్టీఆర్ జిల్లా అయినా గుంటూరు జిల్లా అయినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. సీఆర్పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత 2024 జూలై 1న అమల్లోకి వచ్చాక పరిధి కాదనే సాకుతో పంపేయడానికి వీల్లేదు. దారిలో ఏదో ఒక ఖాతాలో కొంత సొమ్ము హోల్డ్‌లో పడితే అది దానంతటదే వెనక్కి వస్తుందనుకుని ఎదురుచూసేవాళ్లున్నారు. మేజిస్ట్రేటు కోర్టులో అదే సంహిత 503వ సెక్షన్ కింద పిటిషన్ వేసి ఉత్తర్వు తెచ్చుకుంటే బ్యాంకు విడుదల చేస్తుంది. ఏ బ్యాంకులో, ఏ ఖాతాలో, ఎంత హోల్డ్ అయిందో దర్యాప్తు అధికారిని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. అంబుడ్స్‌మన్ ఫిర్యాదులో కూడా ఆ అంకె పెట్టాలి, రావాల్సింది ఎంతో అప్పుడే తేలుతుంది.

తిరస్కరణ వచ్చిన కొన్నాళ్లకే కొందరికి ఇంకో ఫోన్ వస్తుంది. మీ డబ్బు రికవరీ చేయిస్తాం, రిజర్వు బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి అంటారు. పోయిన మొత్తం, బ్యాంకు పేరు కూడా చెబుతారు కాబట్టి నమ్మబుద్ధేస్తుంది. రిజర్వు బ్యాంకు ఎవరికీ ఫోన్ చేసి ఫీజు అడగదు. 1930 కూడా డబ్బు తీసుకోదు. ఒకసారి మోసపోయినవాళ్ల జాబితాలే ఈ రెండో ముఠాకు పెట్టుబడి.

ఈ కాగితాలన్నీ ఒంటరిగా రాసుకోలేనివాళ్లకు న్యాయసేవాధికార సంస్థ ఉంది. 15100కి ఫోన్ చేయవచ్చు, లేదా కోర్టు ఆవరణలోనే ఉండే వాళ్ల కార్యాలయానికి వెళ్లి దరఖాస్తు ఇవ్వవచ్చు. మహిళలకూ, ఎస్సీ ఎస్టీలకూ, దివ్యాంగులకూ, పరిశ్రమల కార్మికులకూ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. కమిషన్‌లో కేసుకైనా, మేజిస్ట్రేటు ముందు హోల్డ్ సొమ్ము పిటిషన్‌కైనా ఈ సాయం అడగవచ్చు. వెళ్లేటప్పుడు బ్యాంకు తిరస్కరణ కాగితం, స్టేట్‌మెంట్, 1930 అక్నాలెడ్జ్‌మెంట్, ఆధార్ కాపీ తీసుకెళ్లాలి.